సమురాయ్ కామిక్‌లో నోబునాగాని రాక్షసుడిగానే గీయాలా?

బొగ్గుపెన్సిల్:
ఇరవై నాలుగు పేజీల సమురాయ్ కామిక్ ఒకటి గీస్తున్నాను. కథ 1574లో, జపాన్‌లోని నాగాషిమా దగ్గర. విలన్ ఓడా నోబునాగా, ఆ కాలపు పెద్ద యుద్ధప్రభువు. ముఖానికి చోకోజి గుడిలో ఉన్న పాత చిత్రపటం చూసి గీశాను. అది ఆయన చనిపోయిన మరుసటి ఏడాది, 1583లో వేసింది. సన్నటి మీసం, కోల ముఖం, ఆకుపచ్చ బట్టలు, బుద్ధిగా కూర్చున్న మనిషి. నా రూమ్‌మేట్ చూసి "వీడేంట్రా, బ్యాంకులో క్యాషియర్‌లా ఉన్నాడు, భయం వేయట్లేదు" అన్నాడు. మామూలుగా కామిక్స్‌లో నల్ల కవచం, ఎర్ర కేప్, కళ్ళలో మంట, చేతిలో పుర్రె గిన్నె ఉంటాయి కదా. అలా గీయాలా, ఇలాగే ఉంచాలా? అసలు ఆయన అంత విలనేనా?

కటానా_కాకినాడ:
కాదు అన్నా. ఆ కాలంలో అందరూ అంతే. నోబునాగా తర్వాత పగ్గాలు పట్టిన హిదెయోషి 1595లో సొంత మేనల్లుడు హిదెత్సుగు చేత కడుపు కోయించి, అతని భార్యాపిల్లల్ని ముప్పై మందికి పైగా క్యోటో నది ఒడ్డున నరికించాడు. అతని తర్వాత ఏలిన ఇయెయాసు 1615లో ఒసాకా కోట పడ్డాక హిదెయోషి మనవణ్ణి, ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి, వదల్లేదు. ఇద్దరికీ మంచి పేరే. నోబునాగా మాత్రం 1582లో హోన్నోజి గుడిలో సొంత సేనాని అకెచి మిత్సుహిదె చేతిలో ఇరుక్కుని చనిపోయాడు కాబట్టి చెడ్డపేరుకి దొరికిపోయాడు. కోకిల పద్యం ఉంది చూడండి, కూయకపోతే నోబునాగా చంపుతాడు, హిదెయోషి కూయిస్తాడు, ఇయెయాసు కూసేదాకా ఆగుతాడు అని. అది ఇయెయాసు వంశం ఏలుతున్న కాలంలో పుట్టింది. ఎవరికి అనుకూలంగా ఉందో చెప్పక్కర్లేదు.

మాంగా_మావయ్య:
కోకిల సంగతి ఒప్పుకుంటా. కానీ "అందరూ అంతే" అంటే ఎలా బాబూ? 1571లో హియెయ్ కొండ మీద ఎన్ర్యాకుజి అనే బౌద్ధ మఠాన్ని తగలబెట్టినప్పుడు సన్యాసులు, పండితులు, పిల్లలు, ఎవరు దొరికితే వాళ్ళ తలలు నరికారని రాసింది శత్రువు కాదు. ఓటా గ్యూయిచి, నోబునాగా దగ్గరే కొలువు చేసినవాడు. ఉప్పు తిన్నవాడే అలా రాశాడంటే ఆలోచించాలి.

కటానా_కాకినాడ:
మావయ్యా, ఆ కొండ మీద ఉన్నది జపమాల తిప్పే ముసలాళ్ళు మాత్రమే కాదు. కత్తులు పట్టిన సన్యాసి సైన్యం. అంతకు ముందు ఏడాదే నోబునాగా శత్రువులు అజాయి, అసాకురా వంశాల సైన్యాలకి ఆశ్రయం ఇచ్చారు. తటస్థంగా ఉండమని ఈయన అడిగితే వినలేదు. పైగా తవ్వకాల్లో అనుకున్నంత కాలిన జాడలు దొరకలేదు, చాలా కట్టడాలు అప్పటికే పాడుబడి ఉండొచ్చని కొందరు అంటున్నారు.

మాంగా_మావయ్య:
కట్టడాలు పాతవైతే పిల్లల తలలు తిరిగి అతుక్కుంటాయా?

కొత్త_పాఠకి:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. "ఆరో స్వర్గపు మారరాజు" అనే బిరుదు ఆయనే పెట్టుకున్నాడట కదా? మారుడు అంటే బుద్ధుడి తపస్సు చెడగొట్టడానికి వచ్చినవాడు. మన అమరావతి స్తూపం శిల్పాల్లో కూడా ఆ దృశ్యం ఉంది. తనని తానే అలా పిలుచుకున్నవాణ్ణి రాక్షసుడిగా గీస్తే తప్పేంటి?

పాతకాగితం:
అది వెటకారమండి. నోబునాగా శత్రువైన యుద్ధప్రభువు తాకెదా షింగెన్ ఒక ఉత్తరంలో కింద తన పేరుకు ముందు తెందాయి (ఎన్ర్యాకుజి మఠం ఉన్న బౌద్ధ శాఖ) మఠాధిపతి అని గొప్పగా రాసుకున్నాడు. మఠాన్ని తగలబెట్టినవాడికి ఆ మఠం పేరుతో ఉత్తరం! దానికి నోబునాగా జవాబులో "అయితే నేను మారరాజుని" అని సంతకం పెట్టాడు. పోర్చుగీసు పాదిరీ లూయిస్ ఫ్రోయిస్ రాసిన ఉత్తరం వల్ల ఇది బయటికొచ్చింది. జోకు కాస్తా బిరుదైంది.

పుర్రె గిన్నె కూడా అంతే. 1574 కొత్త సంవత్సరం విందులో అసాకురా యోషికాగె, అజాయి తండ్రీకొడుకుల తలలకి బంగారం పూత పూయించి అందరి ముందు పెట్టించిన మాట నిజం. ఆ కొడుకు నాగమాసా స్వయానా చెల్లెలి మొగుడు. కానీ వాటిలో సాకె (బియ్యపు సారా) పోసుకుని తాగాడన్నది తర్వాత అల్లిన కథ. ఈయన మందు ముట్టడని ఫ్రోయిస్ రాశాడు. తాగనివాడి చేతిలో గిన్నె గీస్తున్నారు మనవాళ్ళు!

నాకు నచ్చే సంగతి ఇంకోటి. హిదెయోషి భార్య నెనె మొగుడి తిరుగుళ్ళ మీద మొరపెట్టుకుంటే ఈయన ఆమెకో ఉత్తరం రాశాడు. నువ్వు ముందుకంటే అందంగా ఉన్నావు, ఆ బట్టతల ఎలక్కి నీలాంటిది మళ్ళీ దొరకదు, నువ్వు అసూయ పడకుండా హుందాగా ఉండు, ఈ ఉత్తరం వాడికి చూపించు అని. ఇంటి పెద్ద రాసినట్టు ఉంటుంది. ఇదీ అదే మనిషి, అదీ అదే మనిషి.

కటానా_కాకినాడ:
అదే కదా నేననేది! మనవాళ్ళు దుర్యోధనుణ్ణి సుయోధనుడని పద్యాలు పాడి చప్పట్లు కొట్టలేదా? నోబునాగా సంతల్లో పాత వ్యాపార సంఘాల పెత్తనం తీసేశాడు, దారుల్లో సుంకం గేట్లు ఎత్తించాడు. హీరోగా గీయి అన్నా.

మాంగా_మావయ్య:
సుయోధనుడు ఊళ్ళకి ఊళ్ళు కంచె వేసి కాల్చలేదు బాబూ. కథ నాగాషిమాదే కాబట్టి అక్కడికే వద్దాం. ఇక్కో అనే బౌద్ధ శాఖ భక్తులు, ఎక్కువమంది రైతులే, కోటల్లో కుటుంబాలతో సహా చిక్కుకున్నారు. మూడు నెలల ముట్టడిలో ఆకలితో సగం చచ్చారు. లొంగిపోతామని పడవల్లో బయటికొచ్చిన వాళ్ళని తుపాకులతో కాల్చారు. చివరికి రెండు కోటల చుట్టూ వరసలు వరసలుగా కంచె కట్టి నిప్పు పెట్టారు. ఇరవై వేల మంది అని గ్యూయిచి లెక్క. వాళ్ళు 1570లో ఈయన తమ్ముడు నోబుఒకిని చంపిన మాట నిజమే, కోపం ఉంటుంది. కానీ కోపంలో కొట్టిన దెబ్బ వేరు, మూడు నెలలు కూర్చుని కంచె కట్టడం వేరు.

అందుకే రూమ్‌మేట్ మాట పక్కన పెట్టు. నీ క్యాషియరే సరైనవాడు. కళ్ళలో మంటలు పెడితే అది రాక్షసుడి పని అయిపోతుంది, చదివినవాడు హాయిగా నిద్రపోతాడు.

కొత్త_పాఠకి:
మావయ్య గారూ, మొదటి నుంచీ మీరే కదా విలన్ అంటున్నది, ఇప్పుడు మంటలు వద్దంటారేంటి?

మాంగా_మావయ్య:
విలనే అమ్మా. మంటలు వద్దన్నాను, వదిలెయ్యమన్లేదు.

కటానా_కాకినాడ:
విలన్ కాదన్న మాట దగ్గర నేను తగ్గను. కేప్ తీసెయ్యడానికి మాత్రం ఓకే.

బొగ్గుపెన్సిల్:
ముఖం అలాగే ఉంచుతున్నాను. పుర్రె గిన్నె పేజీ చించేశాను, రెండు రాత్రుల పని, బాధగానే ఉంది. నెనె ఉత్తరం మాత్రం మొదటి పేజీలో పెడతా. ఇప్పుడు కంచె దగ్గర ఆగిపోయాను. వెదురుతో కట్టి ఉంటారా, దుంగలతోనా? ఎవరైనా ఆ కాలపు ముట్టడి బొమ్మలు చూసి ఉంటే చెప్పండి.

పాతకాగితం:
రేపు వెతికి పెడతాను. ఈలోపు స్కెచ్ ఇక్కడ పెట్టండి, అప్పుడు మళ్ళీ కొట్టుకుందాం.