ప్రార్థనకు రానన్న ఎదిగిన బిడ్డను బలవంతపెట్టవచ్చా?

ఇద్దరు పిల్లల తండ్రి (చర్చ ప్రారంభించినవారు):

సహోదరీ సహోదరులకు వందనములు. మా కుటుంబ బైబిలులో పాత, క్రొత్త నిబంధనలకు మధ్యనున్న పుటలలో నాలుగు తరాల జననాలు, బాప్తిస్మాలు, వివాహాలు వరుసగా వ్రాసి ఉన్నాయి. మా పెద్దవాడి పుట్టిన తేదీ మా నాన్నగారి చేతివ్రాతలో ఉంది. దాని పక్కన బాప్తిస్మపు గడి ఖాళీగా ఉంది. వాడికి 18 ఏళ్లు నిండాయి. కుటుంబ ప్రార్థనకు రావడం మానేశాడు. కారణమడిగితే, "నాకు నమ్మకం కుదరలేదు నాన్నా, కుదిరినట్టు కళ్లు మూసుకుని కూర్చోలేను" అన్నాడు.

"నా ఇంట్లో ఉన్నంతకాలం కూర్చోవలసిందే" అని చెప్పమని సంఘ పెద్దలు కొందరు సలహా ఇచ్చారు. అందుకు వారు యెహోషువ 24:15 చూపిస్తారు: "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము." అయితే ఆ మాటకు ముందు, అదే వచనంలో, ఎవరిని సేవిస్తారో మీరే కోరుకోండని యెహోషువ ప్రజలకు చెప్పాడు. గోడమీద వ్రేలాడదీసే పటాలలో ఆ మొదటి సగం సాధారణంగా కనబడదు. విశ్వాసం మన కుటుంబ వారసత్వమే, కాదనను. కానీ ఎదిగిన బిడ్డ చేత ఒప్పించిన ప్రార్థన వాడి ప్రార్థన అవుతుందా? చిన్నతనంలో నేర్పవలసిన బాధ్యత మనది. ఈ వయసులో పిలవడం వరకే మన హక్కు అని నా అభిప్రాయం. మీరేమంటారు?

నలుగురిని పెంచిన తల్లి:

సహోదరుడు గారూ, మీ అబ్బాయి నిజాయితీని మెచ్చుకుంటాను, మీ నిర్ణయాన్ని మాత్రం ఒప్పుకోలేను. ఇంట్లో కూర్చున్నా, త్రోవలో నడిచినా, పడుకున్నా, లేచినా దేవుని మాటలు పిల్లలకు అభ్యసింపజేయమని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం చెబుతున్నప్పుడు, అక్కడ వయసు పరిమితి ఏదీ లేదు. "వాడి ఇష్టం" అని మనం తప్పుకున్నా, ఇది అంత ముఖ్యమైన విషయం కాదని నేర్పినట్టే అవుతుంది. యాజకుడైన ఏలీ తన కుమారుల దోషం తెలిసి కూడా వారిని అడ్డగించలేదని దేవుడు అతని ఇంటికి తీర్పు చెప్పాడు (1 సమూయేలు 3:13). పైగా "బాలుడు నడువవలసిన త్రోవను వానికి నేర్పుము" అన్న సామెతలు 22:6లో, వాడు పెద్దవాడైనప్పుడు దానినుండి తొలగిపోడని కూడా ఉంది కదా.

సండేస్కూలు ఉపాధ్యాయుడు:

ఏలీ ఉదాహరణ ఇక్కడ సరిపోదండి. అతని కుమారులు యాజకులుగా ఉండి దేవుని అర్పణలను దౌర్జన్యంగా తీసుకున్నారు. "నాకు ఇంకా నమ్మకం కుదరలేదు" అని మర్యాదగా చెప్పే కుర్రవాడికీ వారికీ పోలిక ఎక్కడ? అదే గ్రంథం 8వ అధ్యాయంలో సమూయేలు కుమారులు లంచాలు తిని న్యాయాన్ని త్రిప్పివేశారు. కాని అందుకు దేవుడు సమూయేలును నిందించినట్లు అక్కడ ఒక్క మాట లేదు. సామెతలు లోకజ్ఞానం చెబుతాయి, పూచీకత్తు పత్రాలు వ్రాసి ఇవ్వవు. 22:6ను పూచీకత్తుగా చదివే సంఘాలలో, బిడ్డ దూరమైన తల్లిదండ్రులు ఆ దుఃఖంతో పాటు తమ పెంపకమే చెడ్డదన్న నిందను కూడా మోస్తారు. ఇది నాకు ఎంతో కష్టం కలిగించే సంగతి.

తొలినాళ్ల సంఘంలో గొప్ప బోధకుడైన అగస్టీను తల్లి మోనికాను చూడండి. కుమారుడు మానీ బోధలో (వెలుగు, చీకటి అనే రెండు శక్తులను నమ్మే వేరొక మతంలో) పడినప్పుడు ఆమె మొదట అతనితో ఒకే ఇంట ఉండడానికి, ఒకే బల్లవద్ద భోజనం చేయడానికి నిరాకరించింది. తరువాత ఒక కల చూసి మనసు మార్చుకుని చేరనిచ్చింది. అతనితో వాదించమని ఒక బిషప్పును బతిమాలితే, వాదన వద్దు, ప్రార్థించు అని ఆయన చెప్పాడు. అగస్టీను 387లో మిలానులో అక్కడి బిషప్పు అంబ్రోసు చేత బాప్తిస్మం పొందాడు. అప్పటికి అతనికి 30 ఏళ్లు దాటాయి. అదే సంవత్సరం మోనికా మరణించింది.

నలుగురిని పెంచిన తల్లి:

బల్లవద్దకు రానివ్వవద్దని నేను అనలేదు, అనను. మోనికా కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కొడుకు వెంట సముద్రం దాటి వెళ్లింది. నా ప్రశ్న వేరు. ఆ ఇంట్లో రెండో బిడ్డ కూడా ఉంది. అన్నకు లేని నియమం తనకెందుకని ఆమె అడిగితే ఏం చెబుతారు?

ఇద్దరు పిల్లల తండ్రి:

అడిగింది కూడా, సహోదరి గారూ. దానికి 11 ఏళ్లు. నీవు ఇంకా నేర్చుకునే వయసులో ఉన్నావు కనుక కూర్చోవాలని, అన్న నేర్చుకున్నదాన్ని తూచుకుంటున్నాడని చెప్పాను. ఆ జవాబు దానికి నచ్చలేదు. మీరన్నట్టు, చిన్నదానిపై దీని ప్రభావం ఉంటుందన్న భయం నాకూ ఉంది. అయినా అన్నను బలవంతంగా కూర్చోబెడితే అది చూసి చెల్లెలు నేర్చుకునేది భక్తి కాదు, నటన. అందుకే పిల్లలకు కోపం పుట్టించి వారి మనస్సు క్రుంగజేయవద్దని కొలొస్సయులకు 3:21లో తండ్రులకు చెప్పిన హెచ్చరికకే కట్టుబడి ఉన్నాను. ప్రార్థన సమయం మారదు, వాడిని పిలవడం మానను, రాకపోతే మాట్లాడడం మానను.