పాత కియా బండి: ‘కొరియాది’ అంటున్నారు, ఏ ప్లాంట్‌దో ఎట్లా కనుక్కోవాలి?

టవర్‌క్లాక్ (అనంతపురం):

అన్నలకు నమస్తే. పాత బండి చూస్తున్నాం. లెక్కలో రెండు ఉన్నాయి: 2020 కార్నివాల్, 2021 సెల్టోస్. కార్నివాల్ బ్రోకరేమో "ఇది కొరియా బండి, పెనుకొండది కాదు, అందుకే ఈ రేటు" అంటున్నాడు. సెల్టోస్ ఆయన "మాది పక్కా ఎర్రమంచి బండి, పార్టులన్నీ ఇక్కడివే, ఖర్చు రాదు" అంటున్నాడు. ఇద్దరి మాటా నమ్మబుద్ధి కాలేదు. నంబర్ చూసి ఏ ప్లాంట్‌దో చెప్పొచ్చా? ఒకే కంపెనీకి ఇన్ని దేశాల్లో ప్లాంట్లు ఉంటే ఏ పార్టు యాడ తయారవుతుంది? ఇంకొకటి, ఆన్‌లైన్‌లో కొరియా సెల్టోస్ సామాన్లు చవగ్గా కనిపిస్తున్నాయి. మన బండికి సరిపోతాయా?

హంద్రీగట్టు (కర్నూలు):

ముందు చాసిస్ నంబర్ సంగతి. 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు అందులో అసలు రావు, ఒకటీ సున్నాతో కలిసిపోతాయని వదిలేశారు. ఎవరైనా ఇచ్చిన నంబర్‌లో ‘ఓ’ కనిపిస్తే అది రాసుకోవడంలో తప్పన్నా అయ్యుండాలి, లేదా నంబరే తేడా.

మొదటి మూడు అక్షరాలు తయారీదారుకు ఇచ్చిన గుర్తు. ‘ఎమ్‌జెడ్‌బి’ అంటే కియా ఇండియా, అంటే పెనుకొండ దగ్గరి ఎర్రమంచి ప్లాంట్. ‘కె ఎన్’తో మొదలైతే కొరియా కియా. ‘యు5వై’ స్లొవేకియాలోని జిలినా, ‘3కెపి’ మెక్సికో, ‘5ఎక్స్‌వై’ అమెరికాలోని జార్జియా రాష్ట్రం. శ్రీపెరంబుదూరు హ్యుందాయ్ అయితే ‘ఎమ్‌ఎఎల్’. పదో అక్షరం సంవత్సరం: 2019కి కె, 2020కి ఎల్, 2021కి ఎమ్, 2022కి ఎన్, 2023కి పి. ‘ఓ’ లేదు కాబట్టి ఎన్ తర్వాత నేరుగా పి.

మీ కార్నివాల్ నంబర్ చూడండి, ‘ఎమ్‌జెడ్‌బి’తోనే మొదలవ్వాలి. 2020లో మన దగ్గర అమ్మిన కార్నివాల్‌ను విడిభాగాలుగా తెచ్చి ఎర్రమంచిలోనే బిగించారు. కాబట్టి బ్రోకర్ మాట సగం నిజం. ‘పెనుకొండది కాదు’ అన్నది అబద్ధం, ‘కొరియా సామాను’ అన్నది నిజం. నంబర్ చెప్పేది బండిని ఎవరు, ఎక్కడ బండిగా చేశారన్నది మాత్రమే. లోపలి సామాను ఎక్కడ పుట్టిందో అది చెప్పదు. కియా కరెంటు బండి ఈవీ6 మాత్రం పూర్తి బండిగా ఓడలో దిగింది, దాని నంబర్ కె తోనే మొదలవుతుంది.

(పెనుకొండ 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. అయినా అందరూ ఇంకా అనంతపురం కియా అనే అంటారు, నేనూ అంతే.)

లైన్‌సైడ్ (హిందూపురం):

పై అన్న చెప్పింది కరెక్ట్. ‘ఏ పార్టు యాడ’ అన్నదానికి నేను చెప్తాను.

కార్ల ప్లాంట్‌లో మూలం నాలుగు షాపులు: ప్రెస్, బాడీ, పెయింట్, అసెంబ్లీ. ప్రెస్‌లో రేకు చుట్టను కోసి డోర్లు, రూఫ్, పక్క ప్యానెళ్లు కొడతారు. బాడీ షాపులో రోబోలు స్పాట్ వెల్డింగ్ చేస్తాయి. పెయింట్ షాపులో బాడీని కడిగి, ఫాస్ఫేట్ పట్టించి, తొట్టెలో ముంచి కరెంటుతో మొదటి పూత ఎక్కిస్తారు. ఆ తర్వాత ఓవెన్, సీలర్, రంగు, క్లియర్ కోటు. ఎక్కువ నీళ్లు తాగేది ఈ షాపే. అందుకే ఇంత కరువు సీమలో ప్లాంట్ పెట్టాలంటే మొదట హంద్రీ-నీవా నీళ్లు గొల్లపల్లి రిజర్వాయర్‌కు చేరాల్సి వచ్చింది.

ఇంజన్ షాపు మాత్రం ప్రతి ప్లాంట్‌లోనూ ఉండాలని లేదు. 1998లో కియా హ్యుందాయ్ చేతికి వచ్చింది, అప్పటి నుంచి రెండు కంపెనీల ప్లాంట్లను ఒకే వలలాగా చూడాలి. జిలినాలో కియా ఇంజన్లు చేస్తుంది. సరిహద్దు దాటితే చెక్ దేశంలో నోషోవిట్సే, అక్కడ హ్యుందాయ్ గేర్‌బాక్సులు చేస్తుంది. రెండింటి మధ్య దూరం మనకు అనంతపురం నుంచి కదిరికి ఉన్నంత. ఇంజన్లు అటు పోతాయి, గేర్‌బాక్సులు ఇటు వస్తాయి. మన దగ్గర కూడా శ్రీపెరంబుదూరు హ్యుందాయ్ ఇంజన్లను, గేర్‌బాక్సులను కియా ఇండియాకు అమ్ముతుంది. కాబట్టి సెల్టోస్ ఆయన అన్న ‘పార్టులన్నీ ఇక్కడివే’ కూడా సాగదీసిన మాటే.

దేన్ని దగ్గర చేయాలి, దేన్ని దూరం నుంచి తేవాలి అనేదానికి సూత్రం చాలా మోటుది: డొల్లగా ఉండి చోటు తినేది దగ్గర, చిన్నదిగా ఉండి విలువైనది దూరం. డోర్ ప్యానెల్, బంపర్, సీటు, పెట్రోల్ ట్యాంకు కంటైనర్‌లో వేస్తే గాలికి బాడుగ కట్టినట్టే. చిప్పులు, సెన్సార్లు, ఇంజెక్టర్లు ఎంత దూరం నుంచైనా వస్తాయి. అందుకే మోబిస్ (హ్యుందాయ్ గ్రూపు పార్టుల కంపెనీ) లాంటి సప్లయర్లు ఎర్రమంచి చుట్టే దిగారు. పెయింట్ అయిన బాడీ అసెంబ్లీ లైన్ ఎక్కుతుంటే ఏ రంగు, ఏ వేరియంట్ అని సప్లయర్‌కు కబురు పోతుంది. సీట్లు, డాష్‌బోర్డు అదే వరసలో లారీలో రావాలి. వరస ఒక్కటి తప్పితే తర్వాతి బండ్లన్నీ తప్పుతాయి.

ప్లాంట్ మొదలైనప్పటి సామర్థ్యం ఏడాదికి 3 లక్షలు. 300 పని రోజులనుకుంటే రోజుకు 1000, లైన్ 20 గంటలు నడిస్తే గంటకు 50, అంటే 72 సెకన్లకు ఒక బండి దిగాలి. ఈ లెక్కతో పది నిమిషాలు లైన్ ఆగితే ఎనిమిది బండ్లు పోయినట్టే. ఆపడానికి ఇంజన్‌ లాంటి పెద్ద వస్తువు అక్కర్లేదు. 2020 ఫిబ్రవరిలో చైనాలో కరోనా వల్ల వైరింగ్ హార్నెస్ (బండంతా పరిచే వైర్ల కట్ట) రాక సొంత ఓడరేవున్న కొరియా హ్యుందాయ్ ఉల్సాన్ ప్లాంటే ఆగిపోయింది. హార్నెస్ ఎక్కువగా చేత్తో చేసే పని. పైగా వేరియంట్ మారితే అదీ మారుతుంది, ముందే వేలకు వేలు నిల్వ పెట్టుకోలేరు. బండిలో మొదట పరిచే వాటిలో అదొకటి కాబట్టి అది లేకుండా మిగతావి బిగించి తర్వాత చూద్దాంలే అనడానికీ లేదు.

టవర్‌క్లాక్:

చాలా థాంక్స్ అన్నా, బాగా అర్థమైంది. మరి కార్నివాల్‌కు సామాన్లు దొరకడం కష్టమా? కొరియా సెల్టోస్ పార్టుల సంగతి?

హంద్రీగట్టు:

కార్నివాల్‌కు ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు లాంటివి సమస్య కాదు. గుద్దుకుంటే వచ్చే డోర్, హెడ్‌లైట్, పక్క స్లైడింగ్ డోర్ మోటారు లాంటివి ఇక్కడ అచ్చు కొట్టేవి కావు, స్టాక్ లేకపోతే ఓడ కోసం చూడాలి. కొనేముందే సర్వీస్ సెంటర్‌లో ఒక హెడ్‌లైట్, ఒక స్లైడింగ్ డోర్ రేటూ గడువూ అడిగి రాయించుకోండి. బేరానికి అదే ఆయుధం.

సెల్టోస్‌ను కొరియాలో గ్వాంగ్జు ప్లాంట్‌లో కూడా చేస్తారు. పేరు ఒకటే గానీ బండి అదే కాదు. అక్కడ నాలుగు చక్రాలు లాగే మోడల్ ఉంది, దానికి వెనక మల్టీలింక్ సస్పెన్షన్ (ఒక్కో చక్రానికి విడిగా లింకులు). మనది ముందు చక్రాలు లాగేదే, వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం). వెనక షాకులు, బుష్‌లు, హబ్ బేరింగ్‌లు పేరు చూసి తెప్పించుకుంటే ఇంట్లో షోకేస్‌లో పెట్టుకోవాల్సిందే. వాళ్లది ఎడమ స్టీరింగ్, కాబట్టి వైపర్ లింకేజీ, హెడ్‌లైట్, డాష్‌బోర్డు సామాను అసలు వద్దు. హెడ్‌లైట్ ఏదోలా బిగిసినా వెలుతురు ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. పార్టు ఎప్పుడూ చాసిస్ నంబర్ ఇచ్చి పార్ట్ నంబర్ తీయించుకుని కొనాలి.

రాతికొండ (కడప):

ప్లాంట్ ఏదైనా మీరు కొనేది పాత బండి. ఇవి చూసుకోండి.

చాసిస్ నంబర్ ముందు ప్యాసింజర్ సీటు కింద ఫ్లోర్ మీద కొట్టి ఉంటుంది, కార్పెట్ ముక్క ఎత్తితే కనిపిస్తుంది. ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. చుట్టూ గ్రైండింగ్ గీతలు, కొత్త రంగు, వెల్డింగ్ గుర్తు ఉంటే అక్కడే లేచి వచ్చేయండి.

అద్దాల మూలల్లో తయారీ ఏడాది గుర్తు ఉంటుంది. అన్నీ బండి ఏడాదికి దగ్గరగా ఉండాలి. ఒక్క డోర్ అద్దం మాత్రం రెండేళ్ల తర్వాతిదైతే ఆ పక్క తగిలినట్టు. సీట్ బెల్టు పూర్తిగా లాగితే కింద లేబుల్ మీద తేదీ ఉంటుంది. బెల్టు కొత్తదైతే ఎయిర్‌బ్యాగ్ కూడా పేలిందేమో అని అనుమానించాలి.

పెయింట్ గేజ్ (రంగు మందం కొలిచే మిషన్) ఉన్న మనిషిని పిలుచుకోండి. ఫ్యాక్టరీ రంగు మామూలుగా 90 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). 200 దాటితే మళ్లీ వేసిన రంగు, 500 దాటితే లోపల పుట్టీ. ప్రతి ప్యానెల్ మీద మూడు నాలుగు చోట్ల, రూఫ్, పిల్లర్లతో (రూఫ్‌ను మోసే నిలువు కంబాలు) సహా పెట్టండి. బంపర్ మీద పెట్టి భయపడొద్దు, అది ప్లాస్టిక్, మామూలు గేజ్ చదవదు. డోర్ మళ్లీ రంగు వేసి ఉంటే బేరం తగ్గించుకోండి, పిల్లర్ మీద పుట్టీ ఉంటే మాత్రం ఎంత తగ్గించినా వద్దు.

గేజ్ పెట్టేముందు బండి కడిగించండి. దుమ్ము పొర మీద పెడితే రీడింగ్ తప్పొస్తుంది, అనంతపురం గాలిలో అది మామూలే.