నాన్నకు డిమెన్షియా: ఆయన డబ్బు వ్యవహారాలు చూసే అధికారం నాకెలా వస్తుంది?

పెద్దమ్మాయి:
నాన్నకు డిమెన్షియా అని న్యూరాలజిస్టు తేల్చారు. మమ్మల్ని గుర్తుపడతారు, పేపర్ చదువుతారు. కానీ కట్టిన కరెంటు బిల్లే మళ్లీ కడుతున్నారు. చెక్కు మీద సంతకం ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది. ఎవరు ఫోన్ చేసి ఓటీపీ అడిగినా చదివి చెప్పేస్తున్నారు, నాకు అదే పెద్ద టెన్షన్. పెన్షన్ ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఇల్లు అన్నీ ఆయన ఒక్కరి పేరునే ఉన్నాయి. అమ్మ లేదు. అమెరికాలో ఉన్న తమ్ముడు "పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకో అక్కా, ఇక్కడందరూ అదే చేస్తారు" అంటున్నాడు. నాన్న డబ్బు నాన్న కోసమే ఖర్చవ్వాలి, రేపు ఎవరూ నన్ను వేలెత్తి చూపకూడదు. దారి చెప్పండి.

సివిల్ లాయర్:
అమ్మా, మీ తమ్ముడు చెప్పింది అక్కడికి సరిపోతుంది. పవర్ ఆఫ్ అటార్నీ అంటే తన బదులు వ్యవహారాలు చూసే అధికారం ఇంకొకరికి రాసివ్వడం. అక్కడి డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ, రాసిచ్చిన మనిషికి తర్వాత మతి తప్పినా చెల్లుతుంది. మన దగ్గర అలా కాదు. 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చినవారు మతిస్థిమితం కోల్పోతే రాయించుకున్నవారి అధికారం అక్కడితో ముగుస్తుంది. మీకు నిజంగా అవసరమయ్యే రోజునే ఆ కాగితం చెల్లకుండా పోతుంది.

అలాగని డిమెన్షియా అనగానే సంతకం చేసే హక్కు పోదు. అదే చట్టంలోని 12వ సెక్షన్ చూసేది, సంతకం పెట్టే సమయానికి ఆ విషయం అర్థమై, తనకు మంచో చెడో ఆలోచించుకోగలిగారా అన్నది. నాన్నగారికి ఇంకా ఆ శక్తి ఉందని డాక్టరు అంటే, ఆయన ఇష్టంతోనే, బ్యాంకు ఒప్పుకునే ఖాతాలను మీ ఇద్దరి పేరు మీద 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలోకి, అంటే ఇద్దరిలో ఎవరు సంతకం చేసినా నడిచేలా మార్పించండి. ఆలస్యం చేయకండి.

ఆ దశ దాటితే హైకోర్టే దిక్కు. 1987 మానసిక ఆరోగ్య చట్టం కింద జిల్లా కోర్టు ఆస్తికి గార్డియన్‌ను, అంటే సంరక్షకుణ్ణి నియమించేది. 2017లో వచ్చిన కొత్త చట్టంలో ఆ వీలు తీసేశారు. ఇందులో రోగి తరఫున ఉండే నామినేటెడ్ రిప్రజెంటేటివ్ అధికారం వైద్యం వరకే. అందుకే రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేస్తున్నారు. కోమాలో ఉన్నవారి విషయంలో కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. డిమెన్షియా ఉన్న తల్లిదండ్రులకు పిల్లల్ని గార్డియన్లుగా నియమించిన తీర్పులూ ఉన్నాయి.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
సంతకం కుదరకపోతే వేలిముద్ర తీసుకోవచ్చు. ఇద్దరు సాక్షులు ఉండాలి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి. కానీ అది చెయ్యి సహకరించని వారి కోసం. విషయం అర్థం కాని మనిషి వేలు పట్టుకుని ముద్ర వేయించడం తప్పు. అలాగే ఆయన కార్డు, పిన్ మీరు వాడుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మీ మనసు ఎంత మంచిదైనా కాగితం మీద అది అనుమతి లేని వాడకమే. ఆయన్ని ఒప్పించి ఏటీఎం, ఆన్‌లైన్ లావాదేవీల పరిమితి ఈ వారమే తగ్గించండి. ఓటీపీ భయానికి ముందు చేయాల్సిన పని అదే.

అమ్మకు గార్డియన్:
మేము హైకోర్టు ఆర్డరు తెచ్చుకున్నాం. కోర్టు ముందుగా చూసింది డాక్టర్ల రిపోర్టు, ఆస్తుల జాబితా, తోబుట్టువులందరి నో అబ్జెక్షన్ అఫిడవిట్లు. మా అన్నయ్య విదేశంలో ఉండి భారత కాన్సులేట్‌లో సంతకం చేసి పంపాడు. మీ తమ్ముడి చేత ఇప్పుడే రాయించండి, ఫోన్లో ఒప్పుకుంటే చాలదు. మా ఆర్డరులో ఇల్లు అమ్మాలంటే మళ్లీ కోర్టు అనుమతి కావాలని ఉంది. అమ్మ మందులకు, ఆయమ్మ జీతానికి పెట్టిన ప్రతి ఖర్చుకూ లెక్క రాసి కోర్టుకు ఇస్తున్నాను. అది నాకు భారం అనిపించలేదు. అన్నయ్య ఏం అడిగినా పుస్తకం తీసి చూపిస్తాను, మా మధ్య మాటా మాటా రాలేదు.

పెద్దమ్మాయి:
అందరికీ కృతజ్ఞతలు. తమ్ముడికి ఇదంతా పంపాను, ఒప్పుకున్నాడు. డాక్టరు సర్టిఫికెట్‌లో ఏం ఉండాలి?

సివిల్ లాయర్:
జబ్బు పేరొక్కటే రాస్తే సరిపోదు. ఆ రోజు ఆయన్ని పరీక్షించానని, ఫలానా ఖాతాలో కూతురి పేరు చేరిస్తే ఏమవుతుందో ఆయన తన మాటల్లో చెప్పగలిగారని రాయాలి. సంతకం కూడా వీలైతే అదే రోజు పెట్టించండి. నాన్నగారు చురుగ్గా ఉండే వేళ చూసుకుని తీసుకెళ్లండి. డాక్టరు ఆయనతో మాట్లాడుతున్నంతసేపు మీరు గది బయట ఉండండి, ఒత్తిడి పెట్టారన్న మాట రాకుండా ఉంటుంది.