ఆదిలోనే హంసపాదు... పడిందా, వచ్చిందా, ఎదురైందా?

1968 అమెరికా ఎన్నికల ముచ్చట వస్తే మా తాతగారు "న్యూ హాంప్‌షైర్‌లో జాన్సన్‌కి ఆదిలోనే హంసపాదు..." అని ఏదో అనేవారు. (జాన్సన్ అప్పటి ప్రెసిడెంటు; పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నిక అందరికంటే ముందు జరుగుతూ వచ్చిన రాష్ట్రం న్యూ హాంప్‌షైర్.) చివరి క్రియ గుర్తు రావట్లేదు. రెండు రోజులుగా బుర్ర తినేస్తోంది.

— ఎదురైంది. పేపర్లలో ఎప్పుడూ అదే.

— పేపర్లే ప్రమాణమైతే ఇక చర్చ దేనికండీ? హంసపాదు అడ్డంకి కాదు, రాతలో జారిపోయిన అక్షరాన్ని పైన ఇరికించేటప్పుడు కింద పెట్టే గుర్తు. గుర్తు ఎదురవదు, పడుతుంది.

— మాస్టారూ, వ్యుత్పత్తి సరే, వాడుకలో "మొదట్లోనే దెబ్బ" అనేగా. అయినా జాన్సన్ అక్కడ ఓడిపోలేదు. ఆయనకు 49 శాతం దాకా వచ్చాయి, సొంత డెమోక్రటిక్ పార్టీలోనే పోటీకి దిగిన మెకార్థీకి 42. కాకపోతే సిట్టింగ్ ప్రెసిడెంటుకి అంత దగ్గరగా రావడంతో పరువు పోయినట్టయింది, మార్చి 31న పోటీలో లేనని చెప్పేశాడు. అసలు హంసపాదు అంతకు ముందు ప్రెసిడెంటుగా ఉన్న ట్రూమన్‌ది, 1952లో అక్కడే సొంత పార్టీ సెనేటర్ కీఫోవర్ చేతిలో నిజంగా ఓడాడు.

— అందరూ ఒకటి వదిలేశారు. 1968లో జాన్సన్ పేరు బ్యాలెట్ మీద లేనే లేదు! అభిమానులు చేత్తో రాసి వేసిన ఓట్లే అవన్నీ. లేని పేరుని రాసి చేర్చడం కంటే హంసపాదు ఇంకేముంటుంది? 2024లో బైడెన్‌కీ అదే జరిగింది, పార్టీ సౌత్ కరోలినా ప్రైమరీని ముందుకు తెస్తే ఈయన న్యూ హాంప్‌షైర్‌లో పేరు ఇవ్వలేదు, జనమే రాసి గెలిపించారు.

— బాగుంది గానీ తాతగారు అంత దూరం ఆలోచించి ఉండరు. హాంప్, హంస. చెవికి ఇంపుగా ఉందని అనేసి ఉంటారు.

— హంసపాదు అక్కర్లేని వ్రాయసకాడంటే గురునాథుడే. తిక్కన తోచక "ఏమి చెప్పుదుం గురునాథా" అన్నాడట, అతనేమో పద్యంలో భాగమనుకుని రాసేశాడట. ద్రుతం (పదం చివరి "న్") మీద క కాస్తా గ అవుతుంది కదా, అలా "కురునాథా" అని ధృతరాష్ట్రుణ్ని పిలిచినట్టు సరిగ్గా కుదిరింది! కథే అనుకోండి, ఎన్నిసార్లు విన్నా తీపే.

— కథ అని మీరే అన్నారు, సంతోషం. ఆ "గ" గురించి వేరే పోస్టు పెట్టండి, నాకు చెప్పాల్సింది చాలా ఉంది.

— ఆదిలో పడితే అంతంలోనూ పడాలనేముంది? 2020లో బైడెన్‌కి న్యూ హాంప్‌షైర్‌లో అయిదో స్థానం, చివరికి ప్రెసిడెంటయ్యాడు. అయినా 1920 నుంచీ తమదే మొదటి ప్రైమరీ అని వాళ్ల పట్టుదల, 1975లో ఏకంగా చట్టమే చేసుకున్నారు.

— బాబూ, పడిందా, వచ్చిందా?

— "పెట్టారు" అని ఎవరూ అనలేదేం?