డస్టర్ ఏడబ్ల్యూడీ ముందు స్ట్రట్లు: ఒక పక్కే లీకు, రెండూ మార్చాలా?

ఘాట్‌రోడ్డు:
బండి రెనో డస్టర్ ఏడబ్ల్యూడీ (నాలుగు చక్రాలకూ పవర్ అందే రకం), 2016 మోడల్, 92,000 కి.మీ. తిరిగింది. ముందు ఎడమ స్ట్రట్ (స్ప్రింగ్ తొడిగి ఉండే షాకర్) మీద నూనె కారి దుమ్ము ముద్దలా పట్టింది. స్పీడ్ బ్రేకర్ దిగాక రెండు మూడు సార్లు ఊగుతోంది. బండి నిలబెట్టి స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు నుంచి ‘టంగ్’మని చప్పుడు. లీకైన ఒక్కటీ మారిస్తే చాలంటున్నారు మెకానిక్. వెనకవి పొడిగానే ఉన్నాయి. ఏమేం తెప్పించుకోవాలి? ఇంటి దగ్గర చేసుకోగలిగే పనేనా?

నట్టుబోల్టు:
ఒక్కటే మార్చొద్దండి. ఒక పక్క కొత్తది గట్టిగా, ఇంకో పక్క పాతది మెత్తగా ఉంటే బ్రేకు కొట్టినప్పుడు, మలుపుల్లో బండి ఒక వైపు ఎక్కువ వాలుతుంది. ముందు రెండూ మార్చండి. వెనకవి పొడిగా ఉండి, టైర్లు ఎగుడుదిగుడుగా అరగకపోతే వాటి జోలికి పోనక్కర్లేదు.

రాడ్ చుట్టూ పల్చటి చెమ్మ ఉన్నంత మాత్రాన లీకు అనుకోనక్కర్లేదు, సీలు దగ్గర ఆ మాత్రం తడి మామూలే. మీరు చెప్పినట్టు కారి కిందికి దిగితే మాత్రం లోపల నూనె తగ్గినట్టే.

ఆ ‘టంగ్’ వేరే జబ్బు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఒకరు స్టీరింగ్ మెల్లగా తిప్పుతుంటే ఇంకొకరు స్ప్రింగ్ మీద బయటి నుంచి అరచెయ్యి ఆనించాలి (చుట్ల మధ్య వేళ్లు పెట్టొద్దు). మంచి బేరింగ్ అయితే స్ప్రింగ్ నున్నగా తిరుగుతుంది. కాసేపు బిగుసుకుని ఒక్కసారి విదిలించుకుంటే టాప్ మౌంట్ (స్ట్రట్ పైకొసను బాడీకి పట్టించే ముక్క) బేరింగ్ పోయినట్టు. కొత్త స్ట్రట్ వేసి పాత బేరింగే పెడితే చప్పుడు అలాగే ఉంటుంది, పని మళ్లీ మొదటికి.

తెప్పించాల్సినవి: ముందు స్ట్రట్లు 2, టాప్ మౌంట్లు 2, బేరింగ్‌లు 2, బంప్ స్టాపర్లు (స్ట్రట్ పూర్తిగా అణిగినప్పుడు దెబ్బ ఆపే రబ్బర్లు) 2, డస్ట్ బూట్లు (రాడ్ మీది దుమ్ము తొడుగులు) 2, రాడ్ నట్లు 2, నకిల్ (చక్రం హబ్‌ను పట్టి ఉంచే ముక్క) బోల్టులు నట్లతో సహా 4. పాత బూటు చిరిగి ఉంటే కొత్త రాడ్ మీద కూడా ఇసుక చేరి సీలును కోసేస్తుంది, అందుకే దాన్ని వదలొద్దు. స్ప్రింగ్‌లు పాతవే వాడొచ్చు, కాకపోతే కింది చివరి చుట్టు బాగా చూడండి, తుప్పు పట్టి విరిగేది అక్కడే.

ఆర్డరిచ్చేటప్పుడు ఛాసిస్ నంబర్ చెప్పండి. ఎప్పుడైనా వెనకవి కొనాల్సొస్తే ఇది మరీ ముఖ్యం. టూవీల్ డ్రైవ్ డస్టర్‌కు వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం), దానికి షాకర్ వేరు, స్ప్రింగ్ వేరు. ఏడబ్ల్యూడీకి వెనక కూడా స్ట్రట్లే. ఒకదానివి ఇంకోదానికి పట్టవు.

కొండెక్కే_బండి:
విప్పే వరస నేను చెప్తాను. వెనక చక్రాలకు దిమ్మలు, హ్యాండ్‌బ్రేక్, ముందు రెండు పక్కలా జాక్ స్టాండ్లు. ఉత్త జాక్ మీద ఉన్న బండి కిందికి దూరొద్దు. నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే బండి కాబట్టి ముందు పక్క ఎత్తి ఉండగా ఇంజిన్ స్టార్ట్ చేసి గేర్ వేయొద్దు, కింద ఆనుకున్న వెనక చక్రాలు బండిని స్టాండ్ల మీద నుంచి లాగేయొచ్చు.

చక్రం తీశాక బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు క్లిప్పుల్లోంచి విడిపించండి. స్టెబిలైజర్ లింక్ (మలుపుల్లో బండి వాలకుండా ఆపే కడ్డీని కలిపే చిన్న రాడ్) కొన్ని బళ్లలో స్ట్రట్‌కు, కొన్నింట్లో లోయర్ ఆర్మ్‌కు (నకిల్‌ను కింద నుంచి పట్టే చెయ్యి) ఉంటుంది, మీది చూసుకోండి. నకిల్ బోల్టులు విప్పేముందు స్ట్రట్ బ్రాకెట్‌కూ నకిల్‌కూ కలిపి పెయింటుతో గీత పెట్టండి. బోల్టులు రాగానే నకిల్ బయటికి వాలుతుంది. దాన్ని అలా వదిలేస్తే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ కప్పులోంచి జారి బూటు పాడవుతుంది. ఒక తీగతో నకిల్‌ను లోపలి వైపుకే కట్టేయండి.

పైన బాడీకి పట్టిన నట్టు ఏది, స్ప్రింగ్‌ను అణిచి ఉంచిన రాడ్ నట్టు ఏది అన్నది వర్క్‌షాప్ మాన్యువల్ బొమ్మలో చూసి గానీ స్పానర్ వేయొద్దు. స్ప్రింగ్ బిగువులో ఉండగా రాడ్ నట్టు తీస్తే తుపాకీ గుండులా ఎగురుతుంది.

ఘాట్‌రోడ్డు:
ధన్యవాదాలండీ. స్ప్రింగ్ కంప్రెసర్ అద్దెకు దొరుకుతోంది. ఎయిర్ గన్ (గాలి ఒత్తిడితో నట్లు తిప్పేది) కూడా ఇస్తామంటున్నారు, దాంతో కానిచ్చేయనా?

కొండెక్కే_బండి:
వద్దు. కంప్రెసర్ స్క్రూలు చేత్తోనే, రెండు పక్కలా సమానంగా, కొద్దికొద్దిగా బిగించాలి. కొక్కేలు ఎదురెదురుగా ఉండాలి. స్ప్రింగ్ సీటు వదులై చేత్తో కదిలేదాకా రాడ్ నట్టు ముట్టొద్దు.

కొత్త స్ట్రట్‌కు గన్ పెడితే రాడ్ కూడా గిర్రున తిరిగి లోపలి పిస్టన్ నట్టు, సీలు దెబ్బతింటాయి. రాడ్‌ను ఆలన్ కీతో పట్టుకుని స్పానర్‌తో బిగించండి. ఆ మెరిసే రాడ్‌ను పట్టకారుతో పట్టారో, గీత పడినట్టే, నెల తిరిగేసరికి మళ్లీ లీకు. బిగించేముందు స్ట్రట్‌ను నిటారుగా పెట్టి పూర్తిగా మూడు నాలుగు సార్లు అదిమి లాగండి, లోపలి గాలి పోతుంది. స్ప్రింగ్ చివర కింది సీటులోని గట్టుకు ఆని కుదిరిందో లేదో చూసుకోండి.

చక్రపాణి_గ్యారేజ్:
పై ఇద్దరూ వదిలేసింది ఒకటి. లోయర్ ఆర్మ్ బుష్ (రబ్బరు కీలు) బోల్టులు వదులు చేసి ఉంటే, చక్రాలు గాల్లో వేలాడుతుండగా ఫైనల్ టైట్ చేయొద్దు. బండి బరువు చక్రాల మీద పడ్డాకే చేయాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరుగుతుంది. కొత్త స్ట్రట్లు వేసినా ఇంకా టకటకమంటోందని వచ్చే బళ్లలో చాలావాటికి జబ్బు ఇదే, లేదా అరిగిన స్టెబిలైజర్ లింక్ రాడ్లు.

పెయింటు గీత పాత స్ట్రట్‌తో పాటే పోతుంది. కొత్తదాన్ని దాని ప్రకారం దగ్గరగా కుదర్చడానికే ఆ గీత. పని కాగానే ఎలైన్‌మెంట్ తప్పనిసరి, క్యాంబర్ (చక్రం నిలువు వాలు) మారితే టో (చక్రాలు ముందు వైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా మారుతుంది. ఏడబ్ల్యూడీలో ముందు టైర్లు ఒక రకంగా, వెనకవి ఇంకో రకంగా అరిగితే చుట్టుకొలత తేడా వచ్చి వెనక్కి పవర్ పంపే కప్లింగ్ మీద అనవసరపు లోడు పడుతుంది. అందుకని ఎలైన్‌మెంట్‌కు ముందే నాలుగు టైర్ల గాడుల లోతు కొలిచి రాసుకోండి.

చివరగా, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు రెండు పక్కలా కొలవండి. ఎడమకూ కుడికీ తేడా 10 మి.మీ. దాటితే స్ప్రింగ్ కూర్చునిపోయిందనో, సీటులో సరిగా పడలేదనో అనుమానించాలి. ఎలైన్‌మెంట్‌కు డబ్బు పెట్టేది అది తేలాకే.