ఎక్స్‌రే బాగుంది, మోకాలు బాగాలేదు. మళ్లీ ఆపరేషనా?

మెట్లంటేభయం:
మోకాలి మార్పిడి అయి 14 నెలలు. పాత అరుగుదల నొప్పి పోయి ఇంకోటి వచ్చింది. రాత్రి దుప్పటి తగిలినా కుట్టు పక్కన చురుక్కుమంటుంది. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి "అంతా బాగుంది, మీకే టెన్షన్ ఎక్కువ" అన్నారు. రివిజన్, అంటే మార్చిన కీలును మళ్లీ మార్చే ఆపరేషన్, చేయించుకోవాలా? ఇంట్లో వద్దంటున్నారు, నాకేమో ఓపిక అయిపోయింది.

రెండోనడక:
చేయించుకోండి మేడమ్. నన్నూ ఇదే మాట చెప్పి రెండేళ్లు తిప్పారు. చివరికి బోన్ స్కాన్‌లో ఇంప్లాంట్ (పెట్టిన కృత్రిమ కీలు) వదులైందని తేలింది. రివిజన్ అయ్యాక హాయిగా నడుస్తున్నాను. ఊరికే నొప్పి ఎందుకు వస్తుంది?

ఫిజియో:
సార్, మీకు కారణం దొరికింది కాబట్టి పనిచేసింది. కారణం తేలకుండా ఒక్క నొప్పి కోసమే చేసే రివిజన్లలో ఫలితం అంతంతమాత్రం. పైగా అది మొదటిదానికన్నా పెద్ద ఆపరేషన్.

అలాగని టెన్షన్ అని కొట్టిపారేయడం కూడా తప్పే. మోకాలు మార్పించుకున్న ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి చెప్పుకోదగ్గ నొప్పి మిగులుతోందని 2012లో వచ్చిన ఒక సమీక్షలో తేలింది. ముందు ఇన్ఫెక్షన్ సంగతి తేల్చాలి: ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు, అనుమానం ఉంటే కీలులోని ద్రవం తీసి చూడటం. తుంటి, నడుము కూడా చూడాలి. అక్కడి నొప్పి మోకాల్లో తెలుస్తుంటుంది.

మేడమ్, మీ దుప్పటి సంగతి వింటే నాకు నరం మీద అనుమానం. కోతలో చర్మం కింది సన్నటి నరాలు తెగడం మామూలే. చాలామందికి అక్కడ మొద్దుబారి ఊరుకుంటుంది, కొందరికి మంట పుడుతుంది. దానికి మందులు వేరే ఉంటాయి, మామూలు నొప్పి బిళ్లలు పెద్దగా పనిచేయవు.

రెండోనడక:
ఇవన్నీ ఎవరు రాస్తారు సార్? నేను పోట్లాడితే గానీ స్కాన్ రాయలేదు. ఎక్స్‌రే బాగుందనగానే తలూపి వచ్చేయడమే నేను చేసిన తప్పు.

ఫిజియో:
అది ఒప్పుకుంటాను. పరీక్షలకు మీరు పట్టుబట్టడం న్యాయమే. రివిజన్ చేయించుకోమని ముందే చెప్పేయడం దగ్గరే నా అభ్యంతరం.

మెట్లంటేభయం:
దుప్పటి సంగతి డాక్టరుగారికి చెప్పనేలేదు. ఎక్స్‌రే కవరు చేతికిచ్చి కూర్చున్నానంతే. ఆపరేషన్ తర్వాత రక్తపరీక్షలు కూడా చేయించలేదు. జ్వరం లేదుగా అనుకున్నా.

ఫిజియో:
జ్వరం లేకుండా కూడా ఇన్ఫెక్షన్ ఉండొచ్చు మేడమ్. ముందు రక్తపరీక్షలు అడగండి.

రెండోనడక:
స్కాన్ కూడా అడగండి. నేను మాత్రం ఆ మాట వదలను.