శుక్రవారం రాత్రి పన్నెండున్నర బస్సుకు గురువారం టికెట్లు వేశాడు, డబ్బు అడగొచ్చా?

ప్రశ్న (కర్నూలు): అన్నలారా, సలహా కావాలి. శనివారం బెంగళూరులో మా చిన్నమ్మ కూతురి నిశ్చితార్థం. శుక్రవారం రాత్రి పన్నెండున్నరకు బళ్లారి చౌరస్తాలో ఎక్కేలా నాలుగు స్లీపర్లు కావాలని ఏజెంటుకు మెసేజ్ పెట్టాను. లగేజీతో పోయి నిలబడితే లిస్టులో మా పేర్లు లేవు. టికెట్లు ముందురోజు రాత్రి బస్సువి. వేరే బస్సుకు డబ్బు కట్టి పోయాం. ఏజెంటేమో "శుక్రవారమన్నారు, శుక్రవారమే వేశాను" అంటున్నాడు. నాన్నకు పాత పరిచయం. నాలుగు వేలు వదులుకోవాల్సిందేనా?

జవాబు: వదులుకోవద్దన్నా. మన ఊళ్లో ఈ తిప్పలు వచ్చేదే ఇక్కడ. హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదికి బయల్దేరిన బస్సు కర్నూలు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. బస్సుది ఒక తేదీ, మనం ఎక్కేది ఇంకో తేదీ. టికెట్‌లో బోర్డింగ్ పాయింట్ పక్కన శుక్రవారం 12.30 ఏఎం అని ఉంటే అది గురువారం రాత్రి బస్సే. ఇంతకీ మెసేజ్‌లో ఏమని రాశారు?

ప్రశ్న అడిగినవారు: "శుక్రవారం రాత్రి ఇంట్లో భోజనాలు చేసి బయల్దేరతాం, పన్నెండున్నర బస్సు చూడు" అని. టికెట్ పంపలేదు, సీటు నంబర్లు మాత్రం పంపాడు.

జవాబు: నేను నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర టికెట్ కౌంటర్ నడుపుతాను. ఆ మెసేజ్ చదివినవాడు గురువారం రాత్రి బస్సు వేయకూడదు. తప్పు అతనిదే. బస్సు వెళ్లిపోయింది కాబట్టి బస్సు కంపెనీవాళ్లిక డబ్బు తిరిగివ్వరు, ఏజెంటు తన జేబులోంచే ఇవ్వాలి. అందుకే మొండికేస్తున్నాడు. ఫోన్‌లో వాదించకండి, నాన్నగారిని తీసుకుని పోయి, కూర్చుని, ఆ మెసేజ్ చూపించండి. కొత్త బస్సు చార్జీ మొత్తం కలిపి అడగకండి. ఒకసారి చార్జీ ఎలాగూ మీదే కదా. పోయిన నాలుగు వేలు, కొత్త టికెట్లు ఎక్కువ పడి ఉంటే ఆ తేడా, అంతే న్యాయం. రెండు విడతలంటే ఒప్పుకోండి. "తర్వాతి ప్రయాణంలో సర్దుతాను" అంటే మాత్రం వద్దనండి.

ఇంకొకరు: వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు రాజీకి ప్రయత్నిస్తారు, తీర్పు చెప్పరు. తీర్పు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం రెండేళ్లలోపు కేసు వేయాలి. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. పరిచయస్తుడి మీద అక్కడిదాకా పోవడం నాకైతే మనసొప్పదు. అయినా మెసేజ్‌లు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ జాగ్రత్తగా ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు: పోయి మాట్లాడాం. మెసేజ్ చదివి కాసేపు ఏమీ అనలేదు. రెండు వేలు అక్కడికక్కడే వేశాడు, మిగతావి ఒకటో తారీకున ఇస్తానన్నాడు. చాలా థ్యాంక్స్ అన్నా.

అనంతపురం నుంచి ఒకరు: రైలుకూ ఇదే లెక్కా?

కౌంటర్ ఆయన: కాదు. రైలు టికెట్‌లో మనం ఏ స్టేషన్ నుంచి తీసుకుంటే అక్కడ రైలు బయల్దేరే తేదీ ఉంటుంది. హైదరాబాద్ తేదీ చూడక్కర్లేదు. పన్నెండు దాటాక రైలైతే మరుసటి రోజు తేదీకే తీసుకోండి. ఏజెంటుకు చెప్పేటప్పుడు "శుక్రవారం రాత్రి, తెల్లారితే శనివారం" అని రాసి, టికెట్ ఫొటో అడిగి తీసుకోండి.